మాస్కు మాటున మరుగుపడిన నోరు

రోగి ఎదుట కూర్చోగానే నాలుక చూపమనడం వైద్యులకు తరతరాల ఆనవాయితీ. 2020లో అది దాదాపు ఆగిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. తెరచిన నోటినుండి వెలువడే తుంపరలే కోవిడ్‌కు వాహకాలు కనుక, మాస్కు తీయించడానికి వైద్యులు వెనుకాడారు. జ్వరం, దగ్గు, ఆయాసం మొదటినుండీ లక్షణాల జాబితాలో ఉన్నాయి. రుచి, వాసన కోల్పోవడాన్ని మాత్రం మన కేంద్ర ఆరోగ్యశాఖ ఆ ఏడాది జూన్ 13 వరకు చేర్చనేలేదు.

అంతకుముందే, ఏప్రిల్‌లో, స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లోని ఇఫెమా ప్రదర్శనశాలలో వెలసిన తాత్కాలిక ఆసుపత్రిలో వైద్యులు 666 మంది రోగుల చర్మాన్ని, నోటిని పరిశీలించారు. 78 మంది నోటిలో మార్పులు కనిపించాయి: నాలుకపై ఉబ్బిన బుడిపెలు, అంచులవెంట పళ్ల నొక్కులు, పూత, మంట. ఇవన్నీ వైరస్ పనేనా అని మీరడగవచ్చు. లాలాజల గ్రంథులలోనూ వైరస్ చేరుతుందని 2021లో పరిశోధకులు చూపిన మాట నిజమే. కాని మందులు, నోటి శుభ్రత లోపించడం కూడా పూతకు కారణాలే. నాలుక చూసి కోవిడ్ అని తేల్చడం, నా దృష్టిలో, తొందరపాటు.

మరుసటి వేసవిలో నోరు చెప్పిన కబురు మరింత భయంకరం. కోవిడ్ సోకినవారిలో మధుమేహం అదుపు తప్పినవారికి, స్టెరాయిడ్లు అధికంగా వాడినవారికి బ్లాక్ ఫంగస్ సోకింది. 2021 మే నెలలో తెలంగాణ దానిని ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాదు కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రి చికిత్సకు ముఖ్యకేంద్రమైంది. పైపళ్లు కదలడం, అంగిలి నల్లబడడం దాని సంకేతాలు. పంటినొప్పేనని ఉపేక్షిస్తే ఆ బూజు సైనసుల నుండి కంటికి, మెదడుకు పాకగలదు. అందుకే ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు, అటువంటి రోగులు పగటి వెలుగులో నోరు తెరచి అంగిలినీ, పళ్లనూ తామే పరీక్షించుకోవాలని సూచించారు.