గుఱ్ఱపు తోకకు వెల

మధ్యయుగ యుద్ధక్రీడలను సవరించే ఔత్సాహికులు తఱచు వాదించుకొనే విషయం ఒక్కటే: ఏ దళానికి ఎంత బలం ఉండాలి? 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండవ ఆటకు 2022లో వచ్చిన భారతీయ అనుబంధంలో ద్రావిడులకు 'నైట్' అనే భారీ అశ్వదళం లేదు. ఏనుగులూ కాల్బలమూ ఉన్నాయి. అన్యాయమని కొందఱనవచ్చును గాని, ఆ లోటు మన చరిత్రలోనూ ఉన్నదే. మేలుజాతి యుద్ధాశ్వాలు దక్షిణాదికి చాలావఱకు సముద్రం దాటి రావలసి ఉండేవి.

ఈ లోటును విజయనగర ప్రభువులు సరిదిద్దుకొన్న తీరు చూడదగినది. బహమనీల చేతిలో ఓటములకు కారణమేమని రెండవ దేవరాయలు (1424-1446) కొలువులో విచారించాడని ఫెరిష్తా వ్రాశాడు. వారి గుఱ్ఱాలు మేలైనవి, విలుకాండ్రు నేర్పరులు అన్నది వచ్చిన సమాధానం. అంతట రాయలు ముస్లిం యోధులను చేర్చుకొని, జాగీర్లిచ్చి, మసీదు కట్టించి, తన సింహాసనం ముందు ఖురాను ఉంచాడట. తనవారికి విలువిద్య నేర్పించాడట. ఫెరిష్తా నూటయేభై ఏండ్లకు పైగా తరువాతివాడు. కాని అతనికి తోడుగా హంపిలో 1439 నాటి శాసనం ఉన్నది. దేవరాయల సేవకుడు అహమ్మదుఖాను ప్రభువు పుణ్యార్థం కట్టించిన మసీదును అది 'ధర్మశాల' అంటుంది.

ఇక గుఱ్ఱాల సంగతి. సాళువ నరసింహుడు హొర్ముజు, ఏడెన్ గుఱ్ఱాలను వర్తకులు అడిగిన ధరకే కొనేవాడనీ, ఓడలో చచ్చినదానికి తోక తెచ్చి చూపినా బ్రతికినదానితో సమంగా సొమ్మిచ్చేవాడనీ పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాశాడు. 1547లో విజయనగరం పోర్చుగీసులతో చేసుకొన్న ఒడంబడిక మఱొక మెట్టు: గోవాకు వచ్చే గుఱ్ఱాలు తమకే చెందాలి, బిజాపురానికి పోరాదు. మన బలం పెంచుకొనడమే కాదు, ఎదుటివాని బలం తగ్గించడం కూడా అన్నమాట. అయినా 1565లో తళ్ళికోట యుద్ధం పోయింది. రాజధాని మా సీమలోని పెనుకొండకు వచ్చింది.

ఆటలో ఒక అంకె మారిస్తే దళం మారుతుంది. దేవరాయలు మార్చవలసి వచ్చినది కొలువు మర్యాదను. పరమతస్థుని నేర్పును ఒప్పుకొని, అతని ప్రార్థనకు చోటిచ్చిన తరువాతనే అతని విల్లు రాయలదైంది. నరసింహుని మార్పునకు వెల చెల్లించినవారు వేఱు. రాజ్యాదాయంలో పెద్దపాలు భూమి పన్నే గదా! నల్లమాడ వంటి వానలెఱుగని చోట ఉన్న నాకు, ఆ తోక వెనుక ఏ చెఱువు క్రింది రైతో కనిపిస్తాడు.

విజయనగర చరిత్రను రెండు మతాల పోరుగా మాత్రమే చెప్పేవారు ఈ రెండు లెక్కలనూ వదిలేస్తున్నారు. హంపికి వెళ్ళే మిత్రులు విరూపాక్షుని దర్శించుకొన్నాక అహమ్మదుఖాను ధర్మశాలను కూడా చూసి రావలసిందిగా మనవి.