బ్యారెల్ ధర, మన ఇంటి బెంగ

మన హైస్కూలు వయసూ, డెల్టాలో చమురు వేట వయసూ దాదాపు ఒకటే. 1978లో నరసాపురంలో ఓఎన్‌జీసీ మొదటి బావి తవ్వింది. తర్వాత రాజోలు, తాటిపాక, మండపేట పేర్లు చమురు పటంలోకి ఎక్కాయి. 1995లో పాశర్లపూడి బ్లోఔట్ 65 రోజులు మండింది. ఆ మంటల గురించి చాలామంది రాశారు. నేను రాసేది మంటా పొగా లేని ఇంకో కష్టం గురించి. 2014-16లో ధర కూలినప్పుడు ఆ రంగం మీద బతికే మన ఇళ్లను పట్టుకున్న బెంగ అది. అప్పట్లో నేను రాజమండ్రిలో ఒక డ్రిల్లింగ్ కాంట్రాక్టరు దగ్గర జమాఖర్చులు రాసేవాణ్ణి.

ధర కూలడం అదే మొదలు కాదు. 1986లో సౌదీ అరేబియా ఉత్పత్తి పెంచేసరికి బ్యారెల్ దాదాపు 30 డాలర్ల నుంచి 10 డాలర్ల దగ్గరికి జారింది. అయినా మన బావుల దగ్గర ఎవరూ ఉలిక్కిపడలేదు. ఇక్కడ తీసిన చమురుకు ఎంతివ్వాలో అప్పట్లో ఢిల్లీలో ప్రభుత్వమే నిర్ణయించేది. 2002 ఏప్రిల్ 1తో ఆ పద్ధతి పోయింది. ప్రపంచ మార్కెట్టు మన కొబ్బరితోటల్లోకి వచ్చింది ఆ రోజునే.

2014 జూన్‌లో బ్యారెల్ 115 డాలర్లు. అమెరికాలో షేల్ చమురు పొంగింది, నవంబర్‌లో ఒపెక్ ఉత్పత్తి తగ్గించేది లేదంది. 2016 జనవరికి ధర 30 డాలర్ల లోపుకు వచ్చింది. అయితే ధర వంద దాటిన రోజుల్లో ఓఎన్‌జీసీ ఆదాయంలో పెద్ద భాగం ఇంధన సబ్సిడీకే పోయేది. 2013-14లో చేతికి మిగిలింది బ్యారెల్‌కు 40 డాలర్ల చిల్లరే. ధర పడ్డాక ఆ భారం తప్పింది కనుక చమురు దెబ్బ కొంత కాచుకుంది. రాజమండ్రికి అసలు దెబ్బ గ్యాస్ రూపంలో తగిలింది. మన దగ్గర ముఖ్యంగా దొరికేది అదే. విదేశీ ధరలతో ముడిపెట్టిన కొత్త సూత్రం ప్రకారం 2014 నవంబర్‌లో 5.05 డాలర్లున్న యూనిట్ ధర 2016 అక్టోబరుకు 2.50 అయింది. రెండేళ్లలో సగం!

ఈ దెబ్బ అందరికీ ఒకేలా తగల్లేదు. పర్మినెంటు ఉద్యోగికి నెల జీతం ఆగలేదు. ఆయన బెంగ లాభాలతో ముడిపడిన ప్రోత్సాహక వేతనం గురించి, 2017 జనవరి నుంచి రావలసిన వేతన సవరణ గురించి. ఆ సవరణకు కొలబద్ద అంతకుముందు మూడేళ్ల సగటు లాభం మరి. కాంట్రాక్టు మనిషికి జీతమే ప్రశ్న. రిగ్గు రోజు అద్దె మీద నడుస్తుంది. రిగ్గు ఆగితే అద్దె ఆగుతుంది, దాంతోపాటు వంటవాడు, వాచ్‌మన్, జీపు డ్రైవరు ఆగిపోతారు. మా కాంట్రాక్టు గడువు తీరాక కొత్తది పాత రేటుకు రాలేదు. చీటీ ముందే పాడుకుని పిల్లల ఫీజులు కట్టినవాళ్లు, బ్యాంకు లోనుతో బొలేరో కొని అద్దెకు తిప్పినవాళ్లు పొద్దున్నే నా బల్ల దగ్గరికొచ్చి ఒకటే అడిగేవారు: "ఈ నెల బిల్లు పాసవుతుందాండీ?" నా దగ్గర జవాబుండేది కాదు.

అన్న రిగ్గు మీద, తమ్ముడు గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు మన వైపు చాలానే. సాధారణంగా ఒకరికి కష్టమొస్తే రెండోవారు ఆదుకుంటారు. ఈసారి ఇద్దరినీ ఒకే ధర కొట్టింది. 2016లో సౌదీలో నిర్మాణ కంపెనీలు జీతాలాపేసరికి వేలాది భారతీయులు శిబిరాల్లో చిక్కుకుపోయారు. మంత్రి వి.కె. సింగ్ ఆగస్టులో జెడ్డా వెళ్లవలసి వచ్చింది.

ధరలు పడటం మనకు కొత్త కాదు. అంబాజీపేటలో వెయ్యి కాయల రేటు పడితే ఊరంతా మాట్లాడుకుంటుంది. గిట్టుబాటు లేదని 2011లో కోనసీమ రైతులు పంట విరామమే ప్రకటించారు. రిగ్గు కార్మికుడికి ఆ దారి కూడా లేదు. అతని బెంగ ఏ సభలోనూ వినపడలేదు, ఏ చరిత్రలోనూ ఎక్కలేదు. ఈ సంచికలోనైనా నాలుగు మాటలు ఉండాలని నా కోరిక.

ధర అడుగంటిన 2016లోనే విశాఖలో పెట్రోలియం విద్యకు జాతీయ సంస్థ మొదలైంది. మన బడి పిల్లలు అలాంటి చోట చేరితే సంతోషమే. వాళ్లకు చెప్పవలసింది ఒక్కటే: ఉద్యోగంలో చేరేముందు జీతమెంతో అడగండి, ఆ జీతం ఏ ధర మీద నిలబడిందో కూడా అడగండి.