ఆటలో ఆడవేషం



వంటిల్లు సర్దుకుని, ఓ పావుగంట నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళప్పుడు రాక్షసులూ, మాయకత్తులూ అంటూ మొదలుపెడితే "ఈవిడకేమైంది" అనుకుంటారేమో. అయినా సరే, ఇవాళ ఆ సంగతే చెప్పదలచుకున్నాను. మన పిల్లలు ఫోనుల్లోనూ కంప్యూటర్లలోనూ ఆడే వీడియో ఆటల్లో ఒక రకం ఉంది. అందులో రాజ్యాలుంటాయి, మంత్రగాళ్లుంటారు, గుహలూ నిధులూ ఉంటాయి. ఆడేవాళ్లు ముందుగా ఒక వేషం ఎంచుకోవాలి. దానికో పేరు పెట్టి, బట్టలు తొడిగి, చేతికి ఆయుధమిచ్చి, ఆ వేషంలోనే కథంతా నడపాలి. ఒక్క ముక్కలో చెప్పాలంటే వేషాల ఆట. "పిల్లల గోల మాకెందుకమ్మా" అనకండి. ఈ ఆటల్లో ఆడవేషం నడిచివచ్చిన దారి వింటే, అది మనకు తెలియని కథేమీ కాదని మీకే అనిపిస్తుంది.

మా అమ్మాయి కూతురు నిజామాబాదులో మా దగ్గరే ఉండి ఇంటర్ చదువుతోంది. మొన్న వేసవి సెలవుల్లో ఒకరోజు అది ఆడుతుంటే వెనక నిలబడి చూశాను. తెర మీద గుబురు మీసాల సిపాయి ఒకడు గుర్రం మీద పోతున్నాడు.

"ఎవరే వీడు?" అన్నాను.

"నేనే అమ్మమ్మా."

"నువ్వా? మీసాలేమిటే?"

"ఆడపిల్ల వేషం ఏస్తే అందరు ఎంబడి పడ్తరు. మాట్లాడితే గొంతు గుర్తుపట్టి పిచ్చి మాటలంటరు. ఇట్లయితే ఎవ్వలు పట్టించుకోరు."

ఈ ఆట ఒంటరిగా ఆడేది కాదట. ఎక్కడెక్కడి వాళ్లో ఒకేసారి ఆడుతూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారట. సరే, ఆడవేషాలు ఎలా ఉంటాయో చూపించమన్నాను. చూపించింది. ఒక ఇనుప కవచం. మగవేషానికి తొడిగితే మెడ నుంచి మడమ దాకా కప్పింది. అదే కవచం ఆడవేషానికి తొడిగితే పొట్ట బయట, తొడలు బయట. "ఇది వేరే కవచమా?" అని అడిగాను. "అదే అమ్మమ్మా, ధర గూడా అంతే" అంది. అప్పటికి నవ్వుకున్నాం. కానీ ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకంటే నా చిన్నతనంలో నేను చూసిన ఆడవేషం ఇలా ఉండేది కాదు.

మా నాన్నగారు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఉద్యోగి. మేం శక్కర్‌నగర్‌లో ఉండేవాళ్లం. 1937లో మొదలైన ఆ నిజాం షుగర్ ఫ్యాక్టరీని ఆసియాలోకెల్లా పెద్దదని గర్వంగా చెప్పుకునే రోజులవి. చెరకు ఆడే కాలంలో గేటు నుంచి బళ్లు బారులు తీరేవి. ఎడ్ల మెడల గంటలు, మడ్డి వాసన, రాత్రంతా ఫ్యాక్టరీ మోత. 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయి మంజీరా నీళ్లు కాలువల్లో పారాక ఈ నేల మీదికి ఎక్కడెక్కడి జనమో చేరారు. కోస్తా జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కున్నవాళ్ల ఊళ్లను క్యాంపులనేవారు. సరిహద్దు అవతలి నుంచి మరాఠీ మాట్లాడేవాళ్లు వచ్చేవారు. బజారులో ఉర్దూ సరేసరి. భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనని కూడా మావాళ్లు చెప్పుకునేవారు. కాబట్టి రాక్షసులు మాకు కొత్త కాదు!

చేతిలో నాలుగు గింజలు పడే కాలంలో ఊళ్లలోకి చిందు భాగవతులు వచ్చేవారు. మీలో ఈ జిల్లాలవాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు. తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. వీళ్లు మాదిగలకు ఆశ్రితులైన కళాకారులు. జాంబపురాణం చెబుతారు, ఎల్లమ్మ వేషం కడతారు, రాత్రంతా యక్షగానం ఆడతారు. చిందు అంటే ఎగిరి వేసే అడుగు. మద్దెల, తాళాలు, హార్మోనియం. పొనికి కర్రతో చేసిన తేలికైన కిరీటాలు, భుజకీర్తులు. ముఖానికి పచ్చటి అర్దళం. పెట్రోమాక్సు దీపం వెలుగులో ఆ అద్దం బిళ్లలు తళుక్కుమంటుంటే మేం పిల్లలం గొంగళ్ల మీద నోళ్లు తెరుచుకుని కూర్చునేవాళ్లం.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది: చిందు మేళం ఒక కుటుంబం. ఇంట్లో ఆడా మగా అందరూ వేషం కట్టేవారు. ఇది మామూలు విషయం కాదు. కూచిపూడి మేళాల్లో అప్పట్లో ఆడవాళ్లకు చోటు ఉండేది కాదు. వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామను చూసి జనం మురిసిపోయింది అందుకే. నాటకరంగంలో స్థానం నరసింహారావుగారి ఆడవేషాలకు ఎంత పేరంటే, 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వాళ్ల ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. ఆడదాని నడక, కోపం, సిగ్గు ఎలా ఉండాలో మగవారే చేసి చూపిస్తుంటే ఆడవాళ్లు కింద కూర్చుని చూశారన్నదే నా మాట. 1885లో మొదలైన సురభి సమాజంలో స్త్రీలు రంగస్థలమెక్కడం అందుకే పెద్ద సంగతి అయింది. చిందువారికి మాత్రం అదొక సంస్కరణ కాదు, ఇంటి పని. మేళంలో ఉన్నదే పదిమంది అయినప్పుడు గొంతున్న మనిషి వేషం కట్టాలి గానీ ఆడా మగా అని చూస్తే ఆట సాగదు.

మా బోధన్ ప్రాంతపు చిందుల ఎల్లమ్మగారి పేరు మీరు వినే ఉంటారు. పసితనంలోనే ముఖానికి రంగు వేసుకున్న మనిషి. ఆడవేషాలే కాదు, మగవేషాలు కూడా కట్టి మెప్పించింది. ఆమెకు ప్రభుత్వం హంస పురస్కారం ఇచ్చింది. 2005లో కన్నుమూసింది. మీసం పెట్టుకుని రాజుగా నిలబడింది అంటే ఎవరికో భయపడి దాక్కోవడానికి కాదు, ఆ పాత్ర తనది గనుక. మా మనవరాలి మీసానికీ ఆ మీసానికీ ఎంత తేడా!

నేను చూసిన ఆటల్లో మరిచిపోలేనిది అల్లీరాణి. ఆమెది ఆడవాళ్ల రాజ్యం. మగపురుగుకు ప్రవేశం లేదు. అర్జునుడు ఆమె మీద మనసుపడి మాయోపాయాలు పన్ని చివరికి పెళ్లాడతాడు. కథ ఇంతే. కానీ ఆ కట్టు చూడాలి! అల్లీరాణి కిరీటం అర్జునుడి కిరీటం కంటే వీసమెత్తు చిన్నది కాదు. అవే భుజకీర్తులు, అంతే నిండైన బట్ట, చేతిలో అంతే పొడుగు కత్తి. ఆమె చిందు వేస్తూ వస్తుంటే ఆడవాళ్ల వైపు నుంచి కేకలు, ఈలలు కూడా వినిపించేవి. మా వీధి పెద్దమ్మ ఒకావిడ ఉండేది, పగలు గట్టిగా మాట్లాడటం కూడా ఎరగదు. ఆవిడ మొదటి జాము నుంచీ రెప్ప వాల్చకుండా చూసి, తెల్లారుజామున అర్జునుడు మాయచేసి తాళి కట్టే ఘట్టం వచ్చేసరికి గొంగడి దులిపి లేచింది. "ఇగ పోదాం పాండ్రి, రాణి ఓడిపాయె" అంది. ఆవిడ వెనకే ఇంకో నలుగురు లేచారు. కథ మార్చే శక్తి లేకపోయినా లేచిపోయే హక్కు వాళ్లకుంది.

పాతదంతా బంగారమని నేననడం లేదు. రాత్రి అల్లీరాణికి కేకలు పెట్టిన ఊరే పొద్దున్నే ఆ వేషం కట్టిన మనిషికి దూరం నుంచి గింజలు పోసేది. ఎల్లమ్మ వేషానికి మొక్కిన చేతులే ఆమెను గడప దాటనిచ్చేవి కావు. ఆ దేవత పేరు చెప్పి ఇదే జిల్లాలో ఎందరో ఆడపిల్లల్ని జోగినులుగా చేశారు. వాళ్ల కోసం హేమలతా లవణంగారు వర్ని ప్రాంతంలో ఏళ్ల తరబడి పని చేశారు, 1988లో చట్టం వచ్చింది. వాళ్ల మీద పడింది ఎంచుకున్న వేషం కాదు, మోయించిన వేషం. ఇది మరిచిపోయి చిందును పొగడటం నాకిష్టం లేదు.

ఇక వీడియో ఆట సంగతికి వస్తాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట అచ్చు వేశారు. అందులో కంప్యూటరు లేదు, బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ ఆడేదే. బొమ్మ సిపాయిలతో యుద్ధాలాడే మగవాళ్ల సరదాలోంచి అది పుట్టింది. వేసినవారూ మగవారే, ఎదుట కూర్చున్నదీ ఎక్కువగా మగవారే. తరవాత వచ్చిన కంప్యూటర్ వేషాల ఆటలన్నీ దాని సంతానమే.

అయితే ఆడది అసలు లేదనుకోకండి. కాలిఫోర్నియాలో రాబర్టా విలియమ్స్ అని ఇద్దరు పిల్లల తల్లి, మనలాంటి గృహిణే. ఆవిడ తన వంటింటి బల్ల దగ్గర కూర్చుని కథ అల్లితే, భర్త దాన్ని కంప్యూటరులోకి ఎక్కించాడు. అలా 1980లో వాళ్ల మొదటి ఆట వచ్చింది. తరవాత ఆవిడ రాజులూ మంత్రగత్తెలూ ఉన్న కింగ్స్ క్వెస్ట్ వరస రాసింది. 1988లో దాని నాలుగో భాగంలో రోజెల్లా అనే రాకుమారిని కథానాయికగా పెట్టింది. అదే ఏడు జపానులో డ్రాగన్ క్వెస్ట్ మూడో భాగం వచ్చింది. ఆట మొదట్లోనే "నువ్వు అబ్బాయివా, అమ్మాయివా?" అని అడిగేది. అంటే ఆడవేషం ఎప్పటినుంచో ఉంది. మరి లోపమెక్కడ?

ఎదుట ఎవరు కూర్చున్నారని అనుకున్నారో అక్కడ. మగపిల్లలే కొంటారు అన్న లెక్కతో బొమ్మలు గీశారు, మగపిల్లల బొమ్మల అరలో పెట్టి అమ్మారు. 1986లో వచ్చిన మెట్రాయిడ్ అనే ఆటలో కవచం తొడుక్కున్న వీరుడు చివరికి ఆడమనిషని తెలుస్తుంది. భలే అనుకుంటాం కదా? ఆట ఎంత తొందరగా ముగిస్తే ఆమె వంటి మీద బట్ట అంత తక్కువగా కనిపించేది. అది గెలిచినవాడికి బహుమానమట! ఆ బహుమానం ఎవరి కోసమో చెప్పాలా? ఆ బొమ్మలు చూసి ఆడపిల్లలు కొనలేదు, ఆడపిల్లలు కొనడం లేదు గనుక బొమ్మలు అలాగే గీశారు.

ఇంకో ఉదాహరణ నాకు మా మనవరాలే చెప్పింది. మాస్ ఎఫెక్ట్ అని 2007లో మొదలైన ఆట ఉంది. ఇది అంతరిక్షంలో జరిగే కథ. సేనాపతిని ఆడగానో మగగానో మనమే ఎంచుకోవచ్చు. ఇద్దరికీ ఒకే కథ, ఒకే మర్యాద. అయితే నూటికి 18 మందే ఆడ సేనాపతిని ఎంచుకున్నారని 2011లో ఆ కంపెనీవాళ్లు చెప్పారు. "చూశారా, ఎవరికీ అక్కర్లేదు" అన్నవాళ్లున్నారు. కానీ పెట్టె మీదా ప్రకటనల్లోనూ అన్నాళ్లూ మగ సేనాపతి బొమ్మే! మన గాంధీచౌక్‌లో బట్టల కొట్టాయన ఒక రకం చీరల్ని వెనక గదిలో పెట్టుకుని, ఎవరూ అడగలేదంటే ఒప్పుకుంటామా? 2012లో మూడో భాగం పెట్టెకు అట్ట తిప్పి పెట్టుకుంటే ఆమె బొమ్మ వచ్చేలా వేశారు. తిప్పుకుంటేనే సుమండీ.

ఈ సంగతులు పైకి మాట్లాడిన ఆడవాళ్లకు 2014లో అమెరికాలో చంపుతామని బెదిరింపులు వచ్చాయి. కొందరు ఇళ్లు వదిలిపెట్టి వెళ్లాల్సి వచ్చింది. ఆట బొమ్మ పొట్ట కప్పమంటే అంత కోపం! మా మనవరాలు మీసం తగిలించుకోవడంలో వింతేముంది?

మన దేశంలో కూడా ఒక మంచి ప్రయత్నం జరిగింది. పుణెలో నాడింగ్ హెడ్స్ గేమ్స్ అనే చిన్న సంస్థ 2020లో రాజీ అనే ఆట తెచ్చింది. దాన్ని స్థాపించినవారిలో శ్రుతి ఘోష్ అనే చిత్రకారిణి ఒకరు. రాజీ దొమ్మరి విద్యలు చేసే పిల్ల. రాఖీ పండుగనాడు రాక్షసులు ఆమె తమ్ముడు గోలును ఎత్తుకుపోతారు. దుర్గమ్మ ఆ పిల్లకు త్రిశూలమిస్తుంది. ఎవరో రాకుమారుడు వచ్చి కాపాడటం కాదు, అక్కే తమ్ముడి కోసం బయలుదేరుతుంది. ఇది మా మనవరాలు ఆడుతుంటే నేను కూడా పక్కన కూర్చుని చూశాను. ఊరూరా తిరిగి ఆడే ఇంటి పిల్ల, అమ్మవారు ఇచ్చిన ఆయుధం... నాకు బోధన్ మైదానం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?

దసరాకి పిల్లను బోధన్ తీసుకువెళ్లాను. 2015 డిసెంబరులో మూతపడ్డ ఫ్యాక్టరీ గేటు చూపించాను. గొంగళ్లు పరుచుకున్న మైదానంలో ఇప్పుడు ఇళ్లు లేచాయి. అక్కడ నిలబడే అల్లీరాణి కథ మొదటినుంచీ చెప్పాను. పెద్దమ్మ లేచి పోయిన సంగతి చెబితే పడీ పడీ నవ్వింది. "అయితే ఆమె కిరీటం ఎట్లుండె అమ్మమ్మా? రంగు ఏంది?" అని నోట్‌బుక్‌లో గీసుకుంది. నాకు గుర్తున్నంతవరకు చెప్పాను.

వారం తిరక్కుండా తెర మీద మీసాల సిపాయి పోయి, పొడుగు కిరీటం ఆడమనిషి వచ్చింది. ఆ ఆటలో దొరికిన బట్టల్లోనే వెతికి వెతికి నిండైన కట్టు తొడిగింది. పేరు అల్లి అని పెట్టింది. మాట్లాడే మీట మాత్రం ఇంకా మూసే ఉంచుతోంది.