కుర్చీ వేసి, మాట పెడచెవిన పెట్టి

1948 జులై 5న బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) మొదలవడంతో వైద్యం ఉచితమైంది. ఆసుపత్రి ఎలా నడవాలన్నది మాత్రం డాక్టర్లు, పాలకమండళ్లు తేల్చే విషయంగానే ఉండిపోయింది. రోగి చేయాల్సిందల్లా మందు పుచ్చుకుని దండం పెట్టడం.

రోగుల తరఫున మాట్లాడే సంస్థ రావడానికి పాతికేళ్లు దాటింది. 1974లో ఇంగ్లండ్, వేల్స్‌లలో కమ్యూనిటీ హెల్త్ కౌన్సిళ్లు పుట్టాయి. సభ్యుల్లో సగం మందిని స్థానిక సంస్థలు, మూడోవంతును స్వచ్ఛంద సంఘాలు పంపేవి. ఆసుపత్రుల్లోకి వెళ్లి చూసే హక్కు వాటికి ఉండేది. ఆసుపత్రిని మూసేస్తామంటే అడ్డం తిరిగి, వ్యవహారాన్ని మంత్రి దాకా లాగగలిగేవి. నా దృష్టిలో వాటి అసలు బలం అదే.

ఇంగ్లండ్ 2003లో వాటిని ఎత్తేసి రోగుల ఫోరాలు పెట్టింది. 2008లో అవీ పోయి లింక్‌లు అనే స్థానిక బృందాలు, 2013లో వాటి స్థానంలో హెల్త్‌వాచ్ వచ్చాయి. హెల్త్‌వాచ్‌నూ రద్దు చేస్తామని 2025లో ప్రకటించారు. బోర్డు మారిన ప్రతిసారీ పని మళ్లీ ఓనమాల నుంచే.

ఈ మార్పిళ్ల మధ్యే స్టాఫర్డ్ ఆసుపత్రి ఉదంతం బయటపడింది. 2007లో అక్కడ తల్లిని పోగొట్టుకున్న జూలీ బెయిలీ, తాను నడిపే కేఫ్‌లోనే బాధిత కుటుంబాలను కూడగట్టారు. దాహమన్నా నీళ్లివ్వలేదని, మురికైన పక్కదుప్పట్లు మార్చలేదని, పిలిస్తే పలికే దిక్కు లేదని వాళ్లు మొత్తుకున్నారు. అదే ఆసుపత్రి ట్రస్టుకు 2008 ఫిబ్రవరిలో స్వయంప్రతిపత్తి హోదా దక్కింది. కాగితాల మీద అంతా సవ్యంగానే ఉంది మరి! ఊళ్లో చట్టం పెట్టిన రోగుల ఫోరం కూడా ఉంది. ఈ ఉదంతంపై విచారణ జరిపిన రాబర్ట్ ఫ్రాన్సిస్ 2013లో తన నివేదికలో 290 సిఫార్సులు చేస్తూ, ఇలాంటి ఏర్పాట్లు ఎంత నిష్ఫలమయ్యాయో కూడా రాశారు. ఏ పదవీ లేని ఓ కూతురు చేసిన పని, పదవిలో ఉన్నవాళ్ల వల్ల కాలేదు.

కమిటీల ఊసు లేకుండా రోగుల మాట వినే మరో ప్రయత్నం అంతకుముందే లూటన్ ఆసుపత్రిలో జరిగింది. పాల్ బేట్, గ్లెన్ రాబర్ట్ అనే పరిశోధకులు అక్కడి తల, మెడ క్యాన్సర్ రోగుల అనుభవాలను వాళ్ల నోటే వీడియోల్లో చెప్పించారు. రోగులూ సిబ్బందీ వాటిని కలిసి చూసి, ఏం మార్చాలో కలిసే తేల్చుకున్నారు. చిక్కల్లా సమయమే, ఒక్క విభాగానికే ఏడాది దాకా పట్టేది. దాంతో తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో భద్రపరిచిన వేరే రోగుల ఇంటర్వ్యూలతో ఆ పనిని కుదించి చూశారు. వీడియోలో ఉన్నది తమ రోగులు కాకపోయినా, సిబ్బందిలో కదలిక వచ్చింది.