స్త్రీలు రాసిన ప్రతులు, స్త్రీలు రాయని చుట్టలు

యూదు స్త్రీలు పవిత్ర గ్రంథ లేఖనంలోకి ఇరవై ఒకటో శతాబ్దంలోనే అడుగుపెట్టారనీ, అంతకు ముందు కాలమంతా నిషేధమేననీ ఒక కథ చలామణిలో ఉంది. నిషేధం ఉన్నమాట నిజమే. అది వేటికి వర్తించిందో మాత్రం ఆ కథ చెప్పదు.

యూదు ధర్మచర్చల సంకలనమైన తాల్మూద్‌లోని గిట్టిన్ భాగం ప్రకారం, ప్రార్థనవేళ తెఫిలిన్ అనే తోలుపెట్టెలు కట్టుకోవలసిన విధి ఉన్నవారే పవిత్ర లేఖనానికి అర్హులు. ఆ విధి లేదు కనుక స్త్రీ రాసిన తోరా (ఐదు ధర్మకాండాల) చుట్ట చెల్లదు. పన్నెండో శతాబ్దంలో ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడిస్ తోరాకూ, తెఫిలిన్‌కూ, గుమ్మాలకు బిగించే మెజూజాకూ ఇదే నియమం ఖాయం చేశాడు. దీనిమీద పేచీ లేదు.

పేచీ తర్వాతి శతాబ్దాల గురించి. 1288లో రోమ్‌లో అనావ్ కుటుంబపు ఆడపడుచు పావొలా బైబిలు వ్యాఖ్యానాలకు ప్రతి రాసింది. 1454లో జర్మనీలో ఫ్రోమెట్ అనే ఆమె భర్త కోసం ఒక ధర్మశాస్త్ర గ్రంథపు సంక్షేపాన్ని రాసిపెట్టింది. 1476 ప్రాంతంలో మాంతువాలో ఎస్తెల్లీనా కోనాత్ ఒక హీబ్రూ పుస్తకం అచ్చువేసి చివర తన పేరు చెప్పుకుంది. యెమెన్‌లో బెనయా కూతురు మిరియం ఐదు ధర్మకాండాలనూ ప్రతి రాసి, తాను పాలిచ్చే తల్లిననీ, తప్పులుంటే మన్నించమనీ కోరింది. రాత వాళ్ల ఇంటి వృత్తి.

మిరియం రాసినవీ తోరాలో ఉన్న మాటలే. కానీ ఆమెది కుట్టిన పుస్తకం, చదువుకోవడానికి ఉద్దేశించింది. ప్రార్థనామందిరంలో విప్పి చదివే చుట్టకు తోలు, సిరా, దైవనామం రాసేటప్పటి సంకల్పం అన్నీ వేరు. 3,04,805 అక్షరాల్లో ఒక్కటి లోపించినా అది చదవడానికి పనికిరాదు. అందువల్ల ఈ స్త్రీలను నిషేధాన్ని ధిక్కరించిన వీరవనితలుగా చూపడం కూడా అతిశయోక్తే. చేయి తిరిగినవాళ్లు ఉన్నారు, విధి అడ్డుపడింది: సాక్ష్యం ఇంతవరకే చెబుతుంది.

అయితే విధి కూడా అనుకున్నంత బిగువుగా లేదు. పద్నాలుగో శతాబ్దపు 'తూర్' స్మృతి తోరా రాయకూడనివారిని లెక్కిస్తూ స్త్రీని వదిలేసింది. 1614లో మరణించిన పండితుడు జోషువా ఫాక్ ఈ మౌనం పొరపాటు కాకపోవచ్చునన్నాడు. (ఆయన భార్య బెయిలా కూడా ధర్మశాస్త్రం తెలిసిన మనిషే.) మౌనాన్ని అనుమతిగా చదవడం బలహీనమైన వాదమని ఒప్పుకోవాలి. పైగా 1565లో అచ్చయిన 'షుల్హాన్ అరుఖ్' స్మృతి స్త్రీని తిరిగి నిషిద్ధుల జాబితాలో చేర్చింది.

2003లో ఏవియెల్ బార్‌క్లే లేఖకురాలిగా గుర్తింపు పొందింది. 2007లో జెన్ టేలర్ ఫ్రీడ్‌మన్ సెయింట్ లూయిస్‌లోని ఒక సమాజానికి తోరా పూర్తిచేసింది. అమెరికాలో శాలీ ప్రీసాండ్ 1972లోనే రబ్బీ అయింది. రబ్బీ వేదికకూ లేఖకురాలి బల్లకూ మధ్య 35 ఏళ్లు పట్టింది. సమానత్వం బోధించిన మందిరాలు చుట్టలను మాత్రం సంప్రదాయ లేఖకుల దగ్గరే కొనుక్కుంటూ వచ్చాయి. రబ్బీ కంటికి కనిపిస్తుంది, చుట్ట రాసిన చేయి కనిపించదు. పత్రికలు ఇప్పటికీ 'తొలి మహిళ' దగ్గరే ఆగిపోతాయి. అక్షరం ఎంత పొందికగా కుదిరిందో అడగవు.

నాకు ఎక్కువ ఆశ బైబిల్లోని ఎస్తేరు గ్రంథపు చుట్ట మీద ఉంది. పూరిమ్ పండుగనాడు దాన్ని వినే విధి స్త్రీలకూ ఉంది కనుక, వాళ్లు రాయవచ్చునని పద్దెనిమిదో శతాబ్దంలోనే అజులాయ్ వంటి పండితులు ఒప్పుకున్నారు. సనాతన వర్గాలు తమ సొంత పండితుల ఈ మాటను కూడా వాడుకోవడానికి వెనకాడటం నాకు సమంజసంగా తోచదు.