పక్షవాతం: కదలికల వీడియో గేములు

పక్షవాతంతో ఒక పక్క కాలూ చెయ్యీ స్వాధీనం తప్పినవారు, ఒళ్లు కదిలిస్తేనే సాగే వీడియో గేములను వ్యాయామంగా ఆడే పద్ధతి ఇది. మెదడులో దెబ్బతిన్న భాగం చేసే పనిని మిగతా భాగాలు కొంతవరకు నేర్చుకోగలవు. అయితే ఒకే కదలికను వందలసార్లు చేస్తేనే ఆ నేర్పు వస్తుంది. గ్లాసు ఎత్తడం, దించడం, మళ్లీ ఎత్తడం... ఎంత పట్టుదల గలవారికైనా విసుగు పుడుతుంది. ఆటలు వైద్యంలోకి వచ్చింది ఆ విసుగును గెలవడానికే.

2003లో వచ్చిన సోనీ ఐటాయ్ కెమెరా ఆటగాడి బొమ్మనే టీవీలో చూపించేది. అందులో ఒక ఆట కిటికీ అద్దాలు తుడవడం. ఇజ్రాయెల్ పరిశోధకులు దీన్ని పక్షవాత రోగులతో ఆడించి చూశారు. అసలు ఊపు 2006 నవంబరులో నింటెండో వీ గేమ్ కన్సోల్ రాకతో వచ్చింది. రిమోట్ లోపలి సెన్సర్ చేతి ఊపును పసిగడుతుంది. కూర్చునే టెన్నిస్ ఆడవచ్చు. వేళ్లు ముడుచుకోనివారికి రిమోట్‌ను బ్యాండేజీతో అరచేతికి కట్టి ఆడించేవారు. మరుసటి ఏడాది జపాన్‌లో వీకి తోడుగా, ఎక్కి నిలబడే బ్యాలెన్స్ బోర్డు వచ్చింది. పక్షవాతం వచ్చినవారు తమకు తెలియకుండానే మంచి కాలి మీద బరువు వేసి నిలబడతారు. బోర్డు ఎక్కితే ఆ ఒరుగు తెర మీద వారి కళ్లకే కనబడుతుంది. 2010లో మైక్రోసాఫ్ట్ కైనెక్ట్ కెమెరా వచ్చాక చేత్తో ఏదీ పట్టుకోవలసిన పనే లేకపోయింది.

ఇవన్నీ ఆరోగ్యవంతుల కోసం చేసిన ఆటలు. వేగం ఎక్కువ. భుజం ఎత్తాల్సిన చోట నడుము వంచినా, మణికట్టు విదిల్చినా పాయింట్లు పడతాయి. అందుకే ఫిజియోథెరపిస్టు పక్కన ఉండాలి. తూలి పడే ప్రమాదం ఉన్నవారికి మరీ ముఖ్యం.

టొరంటోలో న్యూరాలజిస్టు గుస్తావో సపోస్నిక్ బృందం 22 మందితో చేసిన ఎవరెస్ట్ పరీక్ష ఫలితాలు 2010లో వెలువడ్డాయి. కొందరు వీలో టెన్నిస్ ఆడారు, వంట ఆటలో ఉల్లిపాయ పొట్టు తీశారు, బంగాళాదుంప తరిగారు. మిగిలినవారు పేకాట, బింగో, జెంగా ఆడారు. వీ ఆడినవారి చెయ్యి ఎక్కువ మెరుగుపడింది. ఆశలు పెరిగాయి. నాలుగు దేశాల్లో 141 మందితో చేసిన పెద్ద పరీక్ష 2016లో ఆ ఆశలను సరిదిద్దింది: రెండు వర్గాలూ ఇంచుమించు సమానంగానే కోలుకున్నాయి. దీన్ని ఓటమి అనడం సరికాదు. జెంగా కొయ్యముక్కను జాగ్రత్తగా లాగడం కూడా చేతికి గట్టి సాధనే. వీడియో గేము కొనలేని ఇంటికి ఇంతకంటే మంచి కబురు లేదు.

వైద్య పరీక్షల ఫలితాలను కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్ష 72 పరీక్షలను, 2,470 మందిని లెక్కలోకి తీసుకుంది. చేతి విషయంలో, మామూలు వ్యాయామాన్ని మాని ఆ సమయంలో ఆటలు ఆడితే అదనపు లాభం కనిపించలేదు. దాన్ని మానకుండా, పైన అదనంగా ఆడినవారిలో కనిపించింది. కైనెక్ట్ తయారీ ఆగిపోయిందీ ఆ ఏడాదే. వీ అప్పటికే ఆగిపోయింది.