కడగొట్టు కాన్పు

పోయిన ఏడాది మార్చి ఆఖరులో నాకు రావాల్సింది రాలేదు. నలభై ఐదు నిండాయి కదా, ఇంక ఆగిపోయే కాలం వచ్చిందనుకున్నాను. అంతకు ముందు ఏడాది నుంచే లెక్క తప్పుతోంది. ఒకసారి ఇరవై రోజులకు, ఒకసారి యాభై రోజులకు. రాత్రిళ్లు ఒంట్లోంచి ఆవిర్లు. ఓర్వకల్లులో ఏప్రిల్ ఎండ ఎట్లుంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఆ ఆవిరి నాదో బయట రాళ్లదో తెలిసేది కాదు. పొద్దున్నే కడుపులో తిప్పితే గ్యాసు అనుకుని జీలకర్ర నీళ్లు తాగాను. మూడో వారంలో అనుమానం వచ్చింది. ఊర్లో మెడికల్ షాపులో ఉండే పిల్లోడు మా అబ్బాయితో చదువుకున్నవాడు, అక్కడ కిట్టు అడగలేక కర్నూలు పోయి తెచ్చుకున్నాను. రెండు గీతలు వచ్చాయి.

నా కూతురికి ఇరవై ఒకటి. ఇంట్లో దాని సంబంధాల మాటలు నడుస్తున్నాయి.

నేను బీఏ తెలుగు చదివినదాన్ని కాబట్టి నాకు మాటల మీద పిచ్చి. పాత తెలుగులో ముట్లుడగడం అనే మాట ఉంది. ఉడగడం అంటే ఆగిపోవడం. నెల తప్పడం, నీళ్లు పోసుకోవడం, వేవిళ్లు, కాన్పు, పురుడు, అన్నిటికీ మాటలున్నాయి. ఆగీ ఆగకుండా నాలుగైదేళ్లు నడిచే ఈ నడిమి కాలానికి మాత్రం నాకు తెలిసి మనకు ఇంటి పేరు లేదు, డాక్టరమ్మ చెప్పిన పెరిమెనోపాజ్ తప్ప. పేరు లేని కాలంలో ఏం జరుగుతుందో ఎవరూ ముందుగా చెప్పరు. పన్నెండు నెలలు వరుసగా రాకపోతేనే మెనోపాజ్ అంటారట. అంతవరకు అండం విడుదల కావడం తగ్గుతుందే గాని పూర్తిగా ఆగదు. యాభై లోపు వాళ్లయితే చివరి నెల తర్వాత కూడా రెండేళ్లు జాగ్రత్తగా ఉండాలని ఆమె చెప్పింది. ఈ ముక్క ఏడాది ముందు ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

నాకు పిల్లల ఆపరేషన్ కాలేదు. రెండో కాన్పులో రక్తం తక్కువుందని తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత పదేళ్లు కాపర్-టీ, అది తీసేశాక జాగ్రత్తలు, చివరికి ఆ జాగ్రత్తల్లో అజాగ్రత్త. మన రాష్ట్రంలో నాలాంటి వాళ్లు తక్కువ. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దగ్గర దగ్గర 70 మందికి ట్యూబెక్టమీ అయిపోయింది. చాలామందికి పాతికేళ్లు నిండకముందే. అందుకే నలభై దాటిన ఆడది నీళ్లు పోసుకుందంటే మన ఊర్లలో అంత వింత, అంత నవ్వు. ఈ నవ్వు పాతదేమీ కాదు. ఆపరేషన్లతో పాటే వచ్చింది.

ఈ సంగతి నాకు మా అత్త చెప్పిన మాటల్లోంచి తెలిసింది. ఆమెకు డెబ్బై తొమ్మిది. రెండు రోజులు దాచి దాచి, మూడో రోజు చెరిగిన బియ్యంలో రాళ్లు ఏరుతూ ఆమెకే చెప్పాను. మా ఆయనకు కూడా అప్పటికి చెప్పలేదు. ఆమె చేట పక్కన పెట్టింది. "సిగ్గేందిమ్మే, మా అమ్మా నేనూ ఒకే ఏడు కాన్పయినాం" అంది.

అది 1964. అత్తకు పద్దెనిమిది, తొలి కాన్పుకు పుట్టింటికి పోయింది. ఆమెకు కొడుకు పుట్టిన నెలన్నరకు వాళ్లమ్మకు కడగొట్టు కొడుకు పుట్టాడు. వాళ్లమ్మకు అప్పటికి నలభై మూడో నలభై నాలుగో, ఎవరు లెక్క పెట్టారు. ముసలి కాన్పు, పాలు పడలేదు. అత్తే తన కొడుక్కి ఒక పక్క, తమ్ముడికి ఒక పక్క పాలిచ్చింది. ఆ తమ్ముడే మా ఆయన మేనమామ. మా బావగారి కంటే నెలన్నర చిన్న. మా పెండ్లిలో అందరికంటే ఎక్కువ పరుగులు తీసింది ఆయనే. ఆయన కథ ఇన్నేళ్లూ నాకు తెలియదు.

"నవ్వలేదా ఎవురూ?" అన్నాను. "ఎందుకు నవ్వుతారు? ఆ వీధిలో ఇంకో ఇద్దరు తల్లీ బిడ్డలు అట్లే ఉండ్రి" అంది.

ఆ కాలంలో కడుపు పండటం పెండ్లితో మొదలై ఒళ్లు ఉడిగేదాకా సాగేది. మన సీమలోనే అందరికీ తెలిసిన ఇల్లు ఒకటి చెప్తాను. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. ఎనిమిదో సంతానం, అందుకే కృష్ణుడి పేరు. ఆ తల్లి సంజీవమ్మకు మొత్తం పదకొండు మంది పుడితే బతికి పెద్దయినవాళ్లు ఆరుగురు. కృష్ణమూర్తికి పదేళ్లప్పుడు, 1905లో కడపలో ఆమె పోయింది. కృష్ణమూర్తి మీద ఎన్ని పుస్తకాలో, ఆ తల్లి మీద ఎన్ని పేజీలో! రాణులకైనా ఇదే. ముంతాజ్ మహల్ 1631లో బుర్హాన్‌పూర్‌లో పద్నాలుగో కాన్పులో చనిపోయింది, అప్పటికి ఆమెకు నలభై కూడా లేవు. మనం తాజ్‌మహల్ ముందు నిలబడి ఫోటోలు దిగుతాం.

పురాణాల్లో ముసలి కాన్పు వరం. దశరథుడి ఇల్లు సరే, మా పక్కింటి క్రైస్తవుల బైబిల్లో శారా ఉంది, ఎలీసబెతు ఉంది. వెనకింటి సాయిబుల ఖురానులో జకరియ్యా భార్య ఉంది. వీళ్లంతా బిడ్డ కోసం కాచుకున్నవాళ్లు. తొమ్మిది మందిని కన్నాక పదోది పడిన ఆమె కథ మాత్రం ఏ గ్రంథంలోనూ నాకు కనపడలేదు.

వద్దనుకుంటే ఏం చేసేవాళ్లని అత్తను అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల పెద్దమ్మ కథ చెప్పింది. ఏడుగురు పిల్లల తర్వాత మళ్లీ నిలిస్తే ఎవరో ముసలామెను పిలిపించుకుందట. నాలుగు రోజులు జ్వరం, అయిదో రోజు లేదు. "చెట్ల మందు" అని మాత్రం అంది. ఏ చెట్టో నేను అడగలేదు, తెలిసినా ఇక్కడ రాయను. 1860 నాటి శిక్షాస్మృతిలో 312వ సెక్షన్ గర్భం తీయించడాన్ని నేరం చేసింది, తల్లి ప్రాణం కాపాడటానికైతే తప్ప. చేసినవాళ్లకే కాదు, చేయించుకున్న ఆడదానికీ శిక్షే. ఆ పెద్దమ్మ ఆసుపత్రికి పోవాలన్నా ఏ డాక్టరు ముట్టుకునేవాడు?

పిల్లలు పుట్టకుండా చూసుకునే దారి కూడా ఊర్లకు ఆలస్యంగానే వచ్చింది. పక్కనే మైసూరు సంస్థానం 1930లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో సంతాన నిరోధ క్లినిక్కులకు ఉత్తర్వు ఇచ్చింది. 1952లో మన దేశం కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమం చేసింది, ప్రపంచంలో అదే మొదట. లూపు వచ్చింది 1965లో. అత్త వాళ్లమ్మకు ఒక్క ఏడాది ఆలస్యం. ఎమర్జెన్సీలో, 1976-77లో, దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగితే అందులో ఎక్కువ భాగం మగవాళ్లవే. మా మామ కూడా అప్పుడే చేయించుకున్నాడు. బతికినన్నాళ్లూ నడుము నొప్పికి, మోకాళ్ల నొప్పికి, ఒక ఏడు శెనగ పంట పోయినదానికి కూడా అదే కారణమనేవాడట. ఆ బలవంతానికి ప్రభుత్వమే ఓడిపోయింది. ఆ తర్వాత మగవాళ్ల జోలికి పోకుండా భారం మొత్తం ఆడవాళ్ల పొట్టల మీదికి తెచ్చారు. ఈ యాభై ఏళ్లలో అది మళ్లీ అటు మారనేలేదు.

మన రాష్ట్రంలో అయితే చట్టం కూడా తోడైంది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇద్దరు పిల్లలు దాటితే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులు. ఎదురుచూడని కాన్పు వస్తే సర్పంచి కావాలనుకున్న ఆడమనిషికి బిడ్డో పదవో తేల్చుకోవాల్సి వచ్చేది. 2024 నవంబరులో ఆ నిబంధన తీసేశారు. ఇప్పుడు పిల్లలు తగ్గిపోయారు, ఇంకా కనండి అంటున్నారు. తగ్గారన్నది నిజమే, ఒక్కో ఆడదానికి సగటున 1.7 అని ఆ సర్వేనే చెప్పింది. మా అత్త తరాన్ని చాలు అన్నారు, నా తరాన్ని కోసి ముడేశారు, నా కూతురి తరాన్ని కనమంటున్నారు. అడిగేది మాత్రం ఎవరూ లేరు.

మా పొదుపు సంఘంలో నా ఈడు వాళ్లను లెక్క వేసుకుంటే ఇంకో సంగతి. ఓర్వకల్లు అంటే పొదుపు సంఘాలకు పేరు, పైసా పైసా లెక్క రాసే ఊరు. కానీ గర్భసంచుల లెక్క ఎవరం రాసుకోలేదు. ముప్పై మూడుకు తీయించుకున్నవాళ్లు, ముప్పై ఎనిమిదికి తీయించుకున్నవాళ్లు పక్కపక్కనే కూర్చుంటారు. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. వాళ్లకు ఈ నడిమి కాలమే లేదు. ఒక్క రోజులో ఇటు నుంచి అటు పోయారు. నాకు నెలలు తప్పుతున్నాయంటే "నీకింకా ఉందా!" అని ఒకామె ఆశ్చర్యపోయింది.

డాక్టరమ్మ దగ్గరికి మా ఆయనా నేనూ పోయాం. ఆమె దాచకుండా చెప్పింది. నలభై ఐదు దగ్గర గర్భస్రావాలే సగానికి పైగా. నిలిచినా డౌన్ సిండ్రోమ్ ముప్పు ముప్పై మందిలో ఒకరికి, ఇరవైల్లో అయితే వెయ్యి దాటాక ఒకరికి. బీపీ, షుగరు ముప్పు వేరే. అయినా కనేవాళ్లు ఉన్నారు, బాగా పుట్టినవాళ్లూ ఉన్నారు, నీ ఇష్టం అంది. నాకు అప్పటికే బీపీ మాత్ర ఉంది. మా ఆయన "నువ్వేమంటే అదే" అన్నాడు. మంచి మాటే, అయినా ఆ క్షణంలో కోపం వచ్చింది. సగం బరువైనా మోయవయ్యా అనిపించింది.

వద్దనుకున్నాను.

ముందు పోయిన ఇంకో నర్సింగ్ హోమ్‌లో భర్త సంతకం లేకపోతే కుదరదన్నారు. అది తప్పు. 1964లో శాంతిలాల్ షా కమిటీ వేసి, 1971లో చట్టం చేసి, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. పద్దెనిమిది నిండిన ఆడదాని సమ్మతి ఒక్కటే చాలని అందులో ఉంది. జాగ్రత్తలు పాటించినా గర్భం నిలిస్తే అదీ ఒక కారణమేనని అప్పటి నుంచే ఉంది. 2021 సవరణతో ఒక డాక్టరు అభిప్రాయం మీద ఇరవై వారాల వరకు చేయొచ్చు, పేరు బయటపెట్టకూడదు. పెళ్లి కాని వాళ్లకు వేరు న్యాయం ఉండకూడదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. మా ఆయన పక్కనే ఉన్నాడు కాబట్టి నాకు ఇబ్బంది లేదు. పక్కన లేనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అక్కడ్నించి లేచి వచ్చేసి ఈ డాక్టరమ్మ దగ్గరికి చేరాం. తొమ్మిది వారాలు దాటలేదు, మాత్రలతోనే అయిపోయింది.

ఇంటికొచ్చాక నాలుగు రోజులు అత్త నన్ను మంచం దిగనీయలేదు. బాలింతకు పెట్టినట్టే వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం, కాగిన నీళ్లు. ఆమె ఒక్క మాట తప్పు పట్టలేదు. మూడో రోజు మాత్రం నా జడ అల్లుతూ, "మా అమ్మకు ఈ మాత్రలుంటే వాడుండడు" అంది. అది బాధో, ఊరకే లెక్కో, నాకు తెలియలేదు. నేనూ ఏమీ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ ఆదివారమే ఆయన వచ్చాడు, మనవడి పుట్టెంట్రుకలకు పిలవడానికి. అరవై ఒక్క ఏళ్ల మనిషి, వాకిట్లో చెప్పులిడిచి "అక్కా, ఆకలైతాంది" అంటూనే లోపలికొచ్చాడు. నేను మంచం మీద ఉండటం చూసి "కోడలికేమైంది?" అన్నాడు. "కడుపునొప్పి" అని అత్త ఆయనకూ ఒక కంచం పెట్టింది, నాకు చేసిన వెల్లుల్లి కారమే. నెయ్యి ఇంకొంచెం వెయ్యమన్నాడు. వేసింది.